పని నేర్చిన పట్టభద్రుడు: దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు విద్యార్థులకు నెలవులు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ మొదలైన ప్రాంతాల నుండి చదువు నిమిత్తం వచ్చిన యువతీయువకులు ఇక్కడి వసతి గృహాలలో ఉండి కళాశాలలకు, శిక్షణ కేంద్రాలకు వెళుతుంటారు. వారిలో వాణిజ్యశాస్త్రం, వ్యాపార నిర్వహణ చదివేవారు ఎందరో ఉన్నారు. అటువంటి చదువులో భాగంగా విద్యార్థి కొన్ని వారాలో, కొన్ని నెలలో ఒక సంస్థలో పనిచేసి, తాను నేర్చిన దానిని నివేదికగా సమర్పించవలసి ఉంటుంది. దీనినే ఇంటర్న్‌షిప్ అంటున్నాం. కొందరు దీనిని ధ్రువపత్రం కోసం ముగించవలసిన తంతుగా భావిస్తారు. మరికొందరు పుస్తకంలో చదివిన లెక్కకు, దుకాణంలో జరిగే లావాదేవీకి ఉన్న సంబంధాన్ని గ్రహించే అవకాశంగా తీసుకుంటారు.

చదువు పూర్తయిన తరువాత కొలువు వెతుక్కోవాలా, స్వంతంగా ఒక వృత్తిని నెలకొల్పుకోవాలా అన్న ప్రశ్న నేటి యువతకే పరిమితమైనది కాదు. వ్యాపార నిర్వహణ బోధించే కళాశాల మన దేశంలో ఒక్కటైనా లేని రోజులలో ఒక తెలుగు పట్టభద్రుడు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాడు. ఇతరుల కొలువులో పని నేర్చుకొని, ఆ పనితో స్వంత సంస్థను స్థాపించి, ఆ సంస్థ సంపాదించిన ధనాన్ని జాతి సేవకు వినియోగించాడు. ఆయనే అమృతాంజనం సృష్టికర్త, ఆంధ్రపత్రిక సంస్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

నాగేశ్వరరావు 1867వ సంవత్సరం మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. ప్రాథమిక విద్య స్వగ్రామంలో సాగింది. తరువాత బందరులో చదివి, ఉన్నత విద్యకోసం మద్రాసు చేరి, క్రిస్టియన్ కళాశాలలో ప్రవేశించారు. ఆనాడు దక్షిణదేశంలోని పేరెన్నికగన్న విద్యాసంస్థలలో అది ఒకటి. విలియం మిల్లర్ దానికి ప్రధానాచార్యులు. విద్యార్థి దశలోనే నాగేశ్వరరావు కందుకూరి వీరేశలింగం పంతులు వివేకవర్ధిని పత్రికలో వ్రాసిన వ్యాసాలను చదివి ప్రభావితులయ్యారు. ఒక పత్రిక సంఘాన్ని ఎంతగా కదిలించగలదో ఆయన మొదట తెలుసుకొన్నది ఆ వ్యాసాల ద్వారానే. 1891లో ఆయన పట్టభద్రులయ్యారు.

ఆ కాలంలో బి.ఏ. పట్టాకు ఉన్న విలువ ఇంతింత కాదు. పట్టా చేతికి వచ్చినవాడు ప్రభుత్వోద్యోగంలో చేరడమో, న్యాయశాస్త్రం చదివి ప్లీడరు కావడమో పరిపాటి. నెల తిరిగేసరికి జీతం, దానితోపాటు హోదా, వాటి వెంట సంఘంలో గౌరవం లభించేవి. వ్యాపారమో, అది కొన్ని కులాలవారికి వంశపారంపర్యంగా వచ్చే వృత్తి అని లోకం భావించేది. వ్యాపార కుటుంబంలో పుట్టిన బాలుడు తండ్రి ప్రక్కన అంగడిలో కూర్చొని లెక్కలు నేర్చుకొనేవాడు. ఆ వాతావరణంలో పెరగని చదువరికి వ్యాపారం నేర్పే గురువు లేడు. బడులూ అరుదే. మన దేశంలో వాణిజ్యవిద్యకు మార్గదర్శకమైన సిడెన్‌హాం కళాశాల బొంబాయిలో వెలసినది 1913లో. అంటే నాగేశ్వరరావు పట్టా పుచ్చుకొన్న ఇరవై రెండేళ్ళకు. ఆ పరిస్థితిలో ఒక గ్రామీణ యువకుడు కొలువుదారి విడిచి వ్యాపారంలో దిగడం సాహసమే. నష్టం వస్తే ధనంతోపాటు చదువుకు దక్కిన గౌరవం కూడా పోతుంది.

నాగేశ్వరరావు ఆ సాహసానికి పూనుకొన్నారు. అయితే తొందరపడి పెట్టుబడి వెదజల్లలేదు. మద్రాసులో కొంతకాలం వ్యాపారం చేసి చూచారు. తరువాత కలకత్తా వెళ్ళి, ఔషధ వ్యాపారంలో పనిచేస్తూ మందుల తయారీలోని మెళకువలను నేర్చుకొన్నారు. అక్కడి నుండి బొంబాయి చేరి ఒక వ్యాపార సంస్థ కార్యాలయంలో ఉద్యోగం చేశారు. మద్రాసు, కలకత్తా, బొంబాయి ఆనాటి భారతదేశంలో మూడు మహానగరాలు, మూడు ప్రధాన రేవులు. విదేశీ సరుకు దిగేది ఆ రేవులలోనే. స్వదేశీ సరుకు ఎగుమతి అయ్యేదీ అక్కడి నుండే. పట్టభద్రుడైన తరువాత ఆయన గడిపిన ఆ కొద్దికాలాన్నే నిజమైన వ్యాపార విద్యగా చెప్పుకోవచ్చు. నేటి పరిభాషలో అది ఆయన ఇంటర్న్‌షిప్. దానికి నివేదిక లేదు, మార్కులు లేవు. సరుకు ఎక్కడ చౌకగా దొరుకుతుంది, ఏ వస్తువు ఎందువల్ల అమ్ముడుపోతుంది, అరువు ఇస్తే వసూలయ్యేదెట్లు, జమాఖర్చులు ఎట్లు నిర్వహించాలి అన్న విషయాలు ఇతరుల సంస్థలలో పనిచేసినవానికి ప్రతిదినమూ కళ్ళెదుట కనిపిస్తాయి. తన పెట్టుబడి పోగొట్టుకోకుండా వ్యాపారం నేర్చుకొనడానికి అంతకు మించిన మార్గం లేదు.

1893లో, తమ ఇరవైఆరవ ఏట, ఆయన బొంబాయిలో స్వంత సంస్థను స్థాపించారు. తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు పైపూతగా వాడే ఒక లేపనాన్ని తయారుచేసి దానికి అమృతాంజనం అని పేరుపెట్టారు. అమృతము, అంజనము అన్న రెండు సంస్కృతపదాల కలయికతో ఏర్పడిన సమాసమిది. సంధికార్యం చేత చక్కగా అతుక్కొని, ఉచ్చరించడానికి సులువుగా, వినడానికి ఇంపుగా ఉన్నది. హిందీ, మరాఠీ, తమిళం, బంగ్లా ఏ భాషవారైనా అర్థం చేసుకోగల పేరు. దేశమంతటా అమ్మదలచిన వస్తువుకు ఏ ఒక్క ప్రాంతానికో చెందని పేరు పెట్టడంలోనే ఆయన వ్యాపార దక్షత కనిపిస్తుంది.

పేరు బాగుంటే సరిపోదు. క్రొత్త మందును కొనడానికి ఎవరికైనా సందేహమే. ఈ సందేహాన్ని తొలగించడానికి నాగేశ్వరరావు సంగీత కచేరీలు జరిగేచోట అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని ప్రసిద్ధి. గంటల తరబడి కూర్చొని కచేరీ వినే శ్రోతలలో తలనొప్పి గలవారు కొందరైనా ఉంటారు. వారు అక్కడే రాసుకొని గుణం చూస్తారు. ఇంటికి వెళ్ళి నలుగురికి చెబుతారు. ఒకరు చెప్పిన మాటకున్న బలం ఎంతటి ప్రకటనకైనా ఉండదు. వస్తువును ముందుగా రుచి చూపి తరువాత అమ్మడమనే ఈ పద్ధతిని నేటి నిర్వహణశాస్త్ర గ్రంథాలు ప్రత్యేకంగా బోధిస్తున్నాయి. తొలిరోజులలో అమృతాంజనం వెల పది అణాలు. క్రమక్రమంగా గిరాకీ పెరిగి ఆ మందు ఇంటింటి వస్తువైంది, దానిని తయారుచేసిన వ్యక్తి లక్షాధికారి అయ్యారు. ఆనాటికి దేశంలో రైలు మార్గాలు, తపాలా సౌకర్యాలు విస్తరించి ఉండడం వల్ల ఒక నగరంలో తయారైన చిన్న సీసా సుదూర గ్రామాలకు చేరగలిగే కాలం వచ్చింది.

ప్రకటన విలువను ఆ సంస్థ ఎంత బాగా గ్రహించినదో తెలుపడానికి ఒక చిన్న నిదర్శనం చాలు. బొంబాయి నుండి పూణేకు వెళ్ళే దారిలో ఖండాలా కనుమలలో 1830లో నిర్మించిన ఒక పాత వంతెన ఉండేది. దానిపై అమృతాంజనం ప్రకటన ఉండడంతో జనులు దానిని అమృతాంజన్ వంతెన అనే పిలిచేవారు. 2020 ఏప్రిల్‌లో ఆ వంతెనను కూల్చివేసేవరకు దానికి అదే పేరు నిలిచింది.

ఇంతవరకు చెప్పినది ఒక విజయవంతమైన వ్యాపారి చరిత్ర. నాగేశ్వరరావు జీవితం ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన పేరు ధనవంతుల జాబితాలో చేరి ఉండేది, తెలుగువారి హృదయాలలో చేరి ఉండేది కాదు. ధనం చేకూరిన తరువాత దానితో ఏమి చేయాలన్నది ఆయన జీవితంలోని రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకంటె ఇది కఠినమైనది.

1907 డిసెంబరులో సూరత్ నగరంలో భారత జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగింది. మితవాదులకు, అతివాదులకు మధ్య తీవ్ర విభేదాలు చెలరేగి ఆ సభ భగ్నమైనది. ఆ సభకు నాగేశ్వరరావు హాజరయ్యారు. దేశంలో జరుగుతున్న సంచలనాన్ని తెలుగువారికి తెలుగులో తెలిపే పత్రిక అవసరమని ఆయన గుర్తించారు. 1908 సెప్టెంబరు 9వ తేదీన బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు.

ఆ సంవత్సరం పత్రికలు స్థాపించడానికి అనుకూలమైన సంవత్సరం కాదు. అదే బొంబాయిలో జూలై నెలలో, పత్రికా రచనలే నేరంగా చూపి బాలగంగాధర తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష విధించారు. దానికి నిరసనగా నూలు మిల్లుల కార్మికులు సమ్మె చేశారు. తెలుగు దేశంలో స్వరాజ్య పత్రికను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా అదే సంవత్సరం చెరసాల పాలయ్యారు. అటువంటి వేళ, చక్కగా సాగుతున్న వ్యాపారం గల వ్యక్తి పత్రికాధిపతి కావడమంటే చేజేతులా ప్రమాదాన్ని కోరి తెచ్చుకొనడమే. ప్రభుత్వానికి ఆగ్రహం వస్తే పత్రికతోపాటు వ్యాపారానికీ ముప్పు తప్పదు. నాగేశ్వరరావు ఇది ఎరిగే ముందడుగు వేశారు. అమృతాంజనం సంపాదించిన ధనం ఆంధ్రపత్రికకు ఆధారమైంది.

తెలుగుదేశానికి సుదూరమైన బొంబాయి నుండి పత్రికను నడపడం కష్టమైన పని. పాఠకులు అధికంగా ఉన్నచోటికి పత్రికను చేర్చాలన్న ఉద్దేశంతో ఆయన దానిని మద్రాసుకు తరలించారు. 1914 ఏప్రిల్ 1వ తేదీ నుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడింది. ఆ తరువాత నాలుగు నెలలకే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనది. యుద్ధవార్తల కోసం ప్రజలు ప్రతిదినమూ ఎదురుచూచే కాలంలో తెలుగువారికి స్వభాషలో దినపత్రిక లభించింది. ఆంధ్రపత్రిక ప్రచురించిన ఉగాది సంచికలు సాహిత్య, చరిత్ర, కళావిషయాలకు నిలయాలై నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తున్నాయి.

1924 జనవరిలో ఆయన భారతి అనే సాహిత్య మాసపత్రికను స్థాపించారు. భారతిలో తమ రచన అచ్చుకావడాన్ని కవిపండితులు గౌరవంగా భావించేవారు. 1926లో ఆంధ్రగ్రంథమాలను ప్రారంభించి ప్రాచీన, ఆధునిక గ్రంథాలను ప్రకటించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిశోధనాత్మక పీఠికతో ఆ మాలలోనే వెలువడినది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులు ఆరంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వం 1923లో ఆయన మరణంతో నిలిచిపోగా, ఆ మహాకార్యాన్ని కొనసాగించే భారాన్ని నాగేశ్వరరావు తమ భుజాన వేసుకొన్నారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. ఇవేవీ లాభాపేక్షతో చేసిన పనులు కావు. కాని వీటి నిర్వహణలో ఒక వ్యాపారవేత్త క్రమశిక్షణ కనిపిస్తుంది. పత్రిక నిర్ణీత దినాన వెలువడాలన్నా, గ్రంథం సకాలంలో అచ్చుకావాలన్నా, కాగితం మొదలు తపాలా వరకు అన్ని ఏర్పాట్లూ ముందుగా సాగాలి. సదుద్దేశంతో పుట్టిన పత్రికలు ఎన్నో నిర్వహణ లోపం వల్ల అల్పాయుష్కాలైనాయి. ఆంధ్రపత్రిక, భారతి వాటి సంస్థాపకుని అనంతరం కూడా అనేక దశాబ్దాలపాటు జీవించడానికి కారణం ఆ నిర్వహణకు ఆయన వేసిన గట్టి పునాదియే.

స్వాతంత్ర్యోద్యమంలో నాగేశ్వరరావు ధనసహాయంతో సరిపెట్టుకోలేదు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, అరవై ఏళ్ళు దాటిన వయస్సులో ఆరునెలల కారాగారశిక్షను అనుభవించారు. చెరసాలలో ఉండగా భగవద్గీతకు వ్యాఖ్య రచించారు. సిరిసంపదలు గల వ్యక్తి ఆ వయస్సులో సుఖంగా ఇంట కూర్చొని ఉండవచ్చును. ఆయన ఆ సుఖాన్ని వదులుకొన్నారు.

తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం ఉండాలన్న ఉద్యమానికి ఆయన ఒక ప్రధాన స్తంభం. కోస్తా, రాయలసీమ ప్రాంతాల నాయకుల మధ్య ఉన్న అనుమానాలు తొలగితేకాని ఆ ఉద్యమం ముందుకు సాగదని గుర్తించి, ఉభయ ప్రాంతాలవారిని ఒకచోట సమావేశపరచడానికి పూనుకొన్నారు. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులోని ఆయన గృహమైన శ్రీబాగ్‌లో ఇరుప్రాంతాల పెద్దలు ఒక అంగీకారానికి వచ్చారు. విశ్వవిద్యాలయ కేంద్రాలు, నదీజలాలు, రాజధాని, ఉన్నత న్యాయస్థానం మొదలైన విషయాలపై జరిగిన ఆ ఒడంబడికకు ఆ ఇంటి పేరు మీదనే శ్రీబాగ్ ఒడంబడిక అన్న పేరు స్థిరపడింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు లభించడం వెనుక ఆ ఒడంబడిక స్ఫూర్తి ఉన్నది.

అడిగినవారికి లేదనకుండా ఇచ్చే స్వభావం వల్ల ప్రజలు ఆయనను విశ్వదాత అని కీర్తించారు. దేశోద్ధారక బిరుదం ఆయన పేరులో భాగమైపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది. ఆయన నెలకొల్పిన ఔషధ సంస్థ 1936లో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. 1938 ఏప్రిల్ 11వ తేదీన నాగేశ్వరరావు కన్నుమూశారు. అనంతరం అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికల బాధ్యతను స్వీకరించారు. ఆంధ్రపత్రిక 1991 వరకు వెలువడింది. అమృతాంజనం నేటికీ అంగళ్ళలో లభిస్తున్నది. చెన్నైలోని మైలాపూరులో ఆయన పేరిట వెలసిన ఉద్యానవనంలో ఉదయ సాయంకాలాలు పౌరులు విహరిస్తున్నారు.

నాగేశ్వరరావు జీవితాన్ని వ్యాపారవిద్య అభ్యసించే విద్యార్థి మూడు దశలుగా గ్రహించవచ్చు. మొదటిది నేర్చుకొనే దశ. ఈ దశలో ఆయన పట్టా చేతబట్టుకొని ఇతరుల వద్ద పనిచేయడానికి సంకోచించలేదు. రెండవది నిలదొక్కుకొనే దశ. ఇందులో సామాన్యుని అవసరాన్ని గుర్తించి, దానిని తీర్చే వస్తువును అతనికి అందుబాటులో ఉంచారు. మూడవది తిరిగి ఇచ్చే దశ. సంపదను తన కుటుంబానికే పరిమితం చేయక భాషకు, సాహిత్యానికి, స్వాతంత్ర్యానికి వినియోగించారు. మొదటి దశ లేకుండా రెండవది నిలువదు. మూడవ దశ లేని రెండవది ఆ వ్యక్తితోనే అంతరిస్తుంది.

ఆ కాలానికి, నేటి కాలానికి భేదం చాలా ఉన్నది. నేడు వ్యాపారవిద్యకు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, పాఠ్యప్రణాళికలు ఉన్నాయి. ఎల్.బి.నగర్‌లో మెట్రోరైలు ఎక్కిన విద్యార్థి ఒక గంటలో నగరం అవతలి కొసన ఉన్న సంస్థను చేరి పని నేర్చుకోగలడు. కృష్ణా జిల్లా యువకుడు అదే పని నేర్చుకొనడానికి దేశం ఈ కొస నుండి ఆ కొసకు పోవలసి వచ్చింది. సౌకర్యం పెరిగినది కాని నేర్చుకొనవలసిన విషయం మారలేదు. బేరమాడే కొనుగోలుదారుని మనస్సు, సరుకు అందించేవాని ఇబ్బంది, తోటి పనివాని శ్రమ తరగతి గదిలో తెలియవు. అవి పనిలో దిగినవానికే తెలుస్తాయి. చిన్న దుకాణంలో లెక్కలు వ్రాసే పని దొరికినా దానిని చులకన చేయక శ్రద్ధతో నేర్చుకొన్న విద్యార్థి తన భవిష్యత్తుకు పునాది వేసుకొన్నవాడవుతాడు. ఆ పునాదిపై నిర్మించిన ఇంటిలో తనవారికి మాత్రమే కాక, పదిమందికీ చోటు కల్పించినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అడుగుజాడలలో నడిచినవాడవుతాడు.